ఆటలో కథ ఎక్కడ ఉంటుంది?

భర్త కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఫొటో సరిపోయింది, తేదీలు సరిపోయాయి. పచ్చ ముద్ర కొట్టి పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేశాను. వెళ్తూ అతను ఒక మాట చెప్పాడు: నా వెనకే నా భార్య ఉంది, ఆమె మీద కాస్త దయ చూపించండి. ఆమె వచ్చింది. పాస్‌పోర్టు ఉంది గానీ దేశంలోకి రావడానికి కావలసిన అనుమతి పత్రం లేదు. ఏదని అడిగితే, నాకు ఇవ్వలేదు, వెనక్కి పంపితే చంపేస్తారు అంది. బల్ల మీద రెండు ముద్రలు, ఒకటి పచ్చ, ఒకటి ఎరుపు. పచ్చది కొడితే రూలు తప్పినందుకు వెంటనే హెచ్చరిక చీటీ వస్తుంది. రోజులో మొదటి రెండు చీటీలకు ఏమీ కాదు, మూడోదాని నుంచి జీతంలో కోత. ఆ రోజు నాకు రెండూ అయిపోయాయి. ఇంట్లో కొడుక్కి ఒంట్లో బాగాలేదు, మందు కొనాలి. చలికి హీటింగ్ డబ్బు కట్టాలి. క్యూ కదలడం లేదు, గడియారం మాత్రం కదులుతోంది. మౌస్ మీద నా చెయ్యి ఆగిపోయింది.

ఇది ‘పేపర్స్, ప్లీజ్’ అనే వీడియో గేమ్‌లో ఒక సన్నివేశం. లూకస్ పోప్ దాదాపు ఒంటరిగా తయారుచేసి 2013లో విడుదల చేశారు. కాలం 1982, చోటు ఆర్‌స్టోట్జ్‌కా అనే కల్పిత దేశపు సరిహద్దు. ఆడేవాళ్లం అక్కడ కాగితాలు తనిఖీ చేసే చిరుద్యోగులం. ఎంతమందిని తనిఖీ చేస్తే అంత జీతం.

ఈ సన్నివేశంలో మాటలు లెక్కపెడితే ఐదారు వాక్యాలకు మించవు. అవి మాత్రమే అచ్చువేసి ఎవరికైనా ఇస్తే, కథ పల్చగా ఉందంటారు. అయినా నేను చదివిన మంచి కథలు గుర్తున్నట్టే ఇదీ గుర్తుండిపోయింది. మరి ఆ కథ ఎక్కడ ఉంది? ఆమె మాటల్లోనా, చీటీల లెక్కలోనా, ఆగిపోయిన నా చేతిలోనా? సాహిత్య విమర్శ వీడియో గేముల దగ్గరికి వచ్చి నలభై ఏళ్లవుతోంది. ఈ నలభై ఏళ్ల గొడవంతా దాదాపు ఈ ప్రశ్న చుట్టూ తిరిగిందే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు, ఎంత దాచి ఎంత చూపిస్తున్నారు అని అడగడంలో సాహిత్యం వాళ్లకు శతాబ్దాల సాధన ఉంది. గేములకు ఆ సాధన కావాలి. కాకపోతే ఆ ప్రశ్నల సరసన ఇంకొకటి చేర్చుకోవాలి: ఆడేవాళ్ల చేత ఏం చేయిస్తున్నారు?

మొదట్లో చాలా గేముల్లో బొమ్మలు ఉండేవి కావు, అక్షరాలే. 1976 ప్రాంతంలో విల్ క్రౌథర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ ‘అడ్వెంచర్’ రాశారు. ఆయనకు గుహల్లో తిరగడం ఇష్టం. కెంటకీలోని మామత్ గుహలు ఆయనకు బాగా తెలిసినవి. తన కూతుళ్లు ఆడుకోవడానికి ఆ గుహను మాటల్లో పెట్టారు. తర్వాత డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్దది చేశారు. తెర మీద మొదటి వాక్యం ఇలా ఉంటుంది: నువ్వు ఒక రోడ్డు చివర, చిన్న ఇటుక కట్టడం ముందు నిలబడి ఉన్నావు. దానికి జవాబుగా ‘తూర్పుకి వెళ్లు’, ‘దీపం తీసుకో’ లాంటి మాటలు ఇంగ్లిష్‌లో టైపు చేస్తూ పోవాలి.

వ్యాకరణం చదువుకున్నవాళ్లకు ఇక్కడే ఒక వింత కనబడుతుంది. కథలు మామూలుగా ‘అతను’, ‘ఆమె’ అని ప్రథమ పురుషలో నడుస్తాయి, లేదా ‘నేను’ అని ఉత్తమ పురుషలో. ఇక్కడ కథ చెప్పే గొంతు మొదటి నుంచీ ‘నువ్వు’ అంటుంది. ఆడేవాళ్లు తిరిగి ఆ గొంతుకే ఆజ్ఞలిస్తారు. ‘వెళ్లు’ అన్నది ఎవరితో? కథలోని మనిషితోనా, కథ చెప్పేవాడితోనా, కంప్యూటర్‌తోనా? ముగ్గురూ ఒకరిలో ఒకరు కలిసిపోయారు. ఇది కథన శాస్త్రంలో పనిచేసేవాళ్లను ఏళ్ల తరబడి కూర్చోబెట్టగల ప్రశ్న. ఆ గేమ్ మీద 1985లోనే మేరీ ఆన్ బకిల్స్ శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. కంప్యూటర్ ఆటను కథాసాహిత్యంగా పట్టించుకున్న తొలి సిద్ధాంత గ్రంథాల్లో అదొకటి.

అసలు ఊపు 1997లో వచ్చింది. ఆ ఏడాది రెండు పుస్తకాలు వెలువడ్డాయి. ఒకటి అమెరికాలో జానెట్ మర్రీ రాసిన ‘హామ్లెట్ ఆన్ ద హోలోడెక్’, రెండోది నార్వేలో ఎస్పెన్ ఆర్సెత్ రాసిన ‘సైబర్‌టెక్స్ట్’. ఇద్దరూ సాహిత్యం నుంచి వచ్చినవాళ్లే. మర్రీకి కంప్యూటర్ ఒక కొత్త రంగస్థలంలా కనిపించింది. నాటకం, నవల, సినిమా ఎలాగైతే వాటి వాటి పద్ధతుల్ని వెతుక్కున్నాయో, ఇదీ కాలక్రమాన తన పద్ధతి వెతుక్కుంటుందని ఆమె నమ్మకం. ఆర్సెత్ ఇంకో దారి పట్టారు. గేము కథా, కాదా అని అడిగే ముందు, ‘చదవడం’ అనే పనిలోనే తేడాలున్నాయి చూడండి అన్నారు. పుస్తకం చదవడానికి కళ్లు కదిపితే చాలు, పేజీ తిప్పితే చాలు. కొన్ని రచనలకు అది చాలదు. పాఠం బయటికి రావాలంటే చదివేవాళ్లు ఏదో ఒక పని చేయాలి, ఒక దారి ఎంచుకోవాలి. పని, దారి అనే రెండు గ్రీకు మాటలు కలిపి దానికి ‘ఎర్గాడిక్’ సాహిత్యమని పేరు పెట్టారు.

ఆయన చూపిన ఉదాహరణలు కంప్యూటర్ల కన్నా చాలా పాతవి కూడా. చైనీయుల ‘ఐ చింగ్’ను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవరు. శకునం చూసుకుని, వచ్చిన గుర్తును బట్టి సంబంధించిన భాగం తెరుస్తారు. ఫ్రెంచి రచయిత రేమోన్ క్వెనో 1961లో పది పద్యాలు అచ్చువేసి, ఒక్కోదానిలోని పద్నాలుగు పాదాల్నీ విడివిడి పట్టీలుగా కత్తిరించారు. ఏ పద్యంలోని పాదాన్నైనా ఇంకో పద్యంలో అదే స్థానంలో పెట్టుకోవచ్చు. అలా వంద లక్షల కోట్ల పద్యాలు వస్తాయి. క్వెనో సహా వాటన్నిటినీ చదవగలిగేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇది చదివినప్పుడు తెలుగువాళ్లకు మన చిత్రకవిత్వం గుర్తుకు రాకుండా ఉండదు. చంపకమాలలో కందాన్ని దాచిన గర్భకవిత్వం ఉంది కదా. మొదటిసారి చదివితే ఒక పద్యం. ఎక్కడ ఆగి ఎక్కడ నుంచి ఎత్తుకోవాలో కనిపెట్టి చదివితే లోపల ఇంకో పద్యం. పద్మబంధం, నాగబంధం అయితే బొమ్మ వెంట వేలు పెట్టుకుని చదవాలి. గణపవరపు వేంకటకవి ఈ విద్యలో ఎంత దూరం వెళ్లారో మన సాహిత్య చరిత్రలు చెబుతాయి గానీ, సాధారణంగా ‘కసరత్తు’ అనే మాటతో సరిపెడతాయి. చదివేవాళ్ల చేత పని చేయించడం కూడా ఒక రచనా పద్ధతే అని ఒప్పుకుంటే ఆ కసరత్తుకు వేరే అర్థం వస్తుంది.

అవధానం ఇంకా దగ్గరి పోలిక. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం వచ్చేలా ఉందో ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. అవధాని పక్కదారి వెతుక్కుంటాడు. మళ్లీ నిషేధం, మళ్లీ పక్కదారి. పద్యం పూర్తయ్యేసరికి అది ఎవరిది? మాటలు అవధానివి. కానీ ఆ మాటలే ఎందుకు వచ్చాయంటే పృచ్ఛకుడి వల్ల. పైగా సభలో కూర్చున్నవాళ్లు ఆనందించింది పద్యంలోని భావం ఒక్కదాన్నే కాదు, ఇరుక్కున్న చోటు నుంచి అవధాని బయటపడిన తీరును. మర్నాడు పేపర్లో అచ్చయిన పద్యం చదివినవాళ్లకు ఆ రెండోది దొరకదు. గేమ్‌ని మాటల్లో పెట్టి చెప్పినప్పుడు జారిపోయేది కూడా సరిగ్గా ఇదే. ఒక తేడా మాత్రం మర్చిపోకూడదు. అవధానంలో ఇరుక్కునేది వేదిక మీది పండితుడు, మనం చూసేవాళ్లం. గేమ్‌లో ఇరుక్కునేది మనమే.

ఇక గొడవ సంగతి. మర్రీ తన పుస్తకంలో ‘టెట్రిస్’ను వ్యాఖ్యానించారు. పై నుంచి ముక్కలు పడుతుంటాయి, మనం సర్దుతూ ఉంటాం, సర్దిన వరుస మాయమవుతుంది, ఇంకా పడుతూనే ఉంటాయి. 1990ల అమెరికన్ల తీరికలేని బతుకు అచ్చం ఇదే అన్నారామె. ఒక పని బల్ల మీద నుంచి తీసేలోపు ఇంకో పది వచ్చిపడే బతుకు. 2001లో ‘గేమ్ స్టడీస్’ అనే పరిశోధన పత్రిక మొదటి సంచికలో ఫిన్లాండ్ విమర్శకుడు మార్కు ఎస్కెలినెన్ దీని మీద విరుచుకుపడ్డారు. ఇలాగైతే చదరంగాన్ని కూడా అమెరికా కథ చేసేయొచ్చు అన్నారు. మీ మీదికి బంతి విసిరితే, దాన్ని కింద పడేసి అది కథ చెప్పేదాకా ఎదురుచూస్తారా అని అడిగారు. టెట్రిస్ పుట్టింది అమెరికాలో కాదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. దాన్ని 1984లో మాస్కోలో, సోవియట్ సైన్సు అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తూ అలెక్సీ పజిత్నోవ్ రాశారు.

అలా రెండు వర్గాలు ఏర్పడ్డాయని అప్పటి నుంచి చెప్పుకుంటూ వస్తున్నారు. గేమ్‌ని కథగా చదివేవాళ్లు ఒక వైపు, గేమంటే ముందు నియమాలే అనేవాళ్లు ఇంకో వైపు. రెండో వర్గానికి చెందిన గొంజాలో ఫ్రాస్కాయే 2003లో, మాకు కథలంటే ఇష్టమే, అసలు ఆ చర్చ జరగనే లేదు అని వ్యాసం రాశారు. రెండో వర్గంలోని ముఖ్యులు చాలామంది సాహిత్యం చదువుకుని వచ్చినవాళ్లే కూడా. కథన శాస్త్రం తెలియక వాళ్లు దాన్ని కాదనలేదు. బాగా తెలుసు కాబట్టే, అది ఎక్కడ సరిపోదో చెప్పగలిగారు.

నాకు అర్థమైనంతలో ఆ గొడవలో మూడు వేరువేరు ప్రశ్నలు ముడిపడిపోయాయి. గేముల్లో కథలు ఉంటాయా అన్నది ఒకటి. చాలావాటిలో ఉంటాయి, కొన్నిటిలో ఉండవు, దీని మీద తగువు అక్కర్లేదు. గేమ్ అనే రూపం కథనం అనే రూపంతో సమానమా అన్నది రెండోది. సమానం కాదు. గేములు ఏ విభాగం కింద చదవాలి, ఉద్యోగాలు ఎవరివి అన్నది మూడోది. ‘గేమ్ స్టడీస్’ మొదటి సంచిక సంపాదకీయంలో ఆర్సెత్ 2001ని ఈ రంగానికి మొదటి సంవత్సరంగా ప్రకటించడంలో ఈ మూడో ప్రశ్న గట్టిగానే వినబడుతుంది. కొత్తగా పుట్టిన రంగాన్ని సాహిత్య, సినిమా విభాగాలు మింగేస్తాయన్న భయం అది. అందులో న్యాయం ఉంది. కానీ ఆ భయం వల్ల రెండో ప్రశ్నకు రావలసినంత ఓపికైన జవాబు రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

ఆ రెండో ప్రశ్నలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది కాలం సంగతి. మన విమర్శలో కథ వేరు, కథనం వేరు అంటాం. జరిగిన వరుస కథ, చెప్పిన వరుస కథనం. పదేళ్ల కథని ఒక్క వాక్యంలో దాటేయొచ్చు, ఒక్క క్షణాన్ని పది పేజీలు చెప్పొచ్చు. ఈ వెసులుబాటు ఎక్కడి నుంచి వచ్చిందంటే, చెప్పే సమయానికి జరగవలసింది జరిగిపోయింది కాబట్టి. డెన్మార్క్ పరిశోధకుడు యెస్పర్ యూల్ 2001లో సరిగ్గా దీన్ని పట్టుకున్నారు. గేమ్‌లో ఏదీ జరిగిపోలేదు. మీట నొక్కిన క్షణానే జరుగుతోంది. జరిగిపోయినదాన్ని చెప్పడం, జరుగుతున్నదాన్ని మార్చగలగడం, రెండూ ఒకేసారి కుదరవు. ఇది బలమైన వాదన. పిల్లలు ఆడుతున్నప్పుడు వాళ్ల మాటలు వినండి. ‘హీరో చచ్చిపోయాడు’ అనరు, ‘నేను చచ్చిపోయా’ అంటారు. నవల చదువుతూ ఎవరూ అలా అనరు.

అయితే రెండేళ్లు తిరిగేసరికి ఒక గేమ్ దీనికి జవాబు చెప్పింది. 2003లో వచ్చిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ద శాండ్స్ ఆఫ్ టైమ్’లో మొదటి నుంచీ రాకుమారుడి గొంతు వెనక నుంచి కథ చెబుతూ ఉంటుంది, భూతకాలంలో. మనం గోడల మీద పరిగెడుతూ, స్తంభాల మీంచి దూకుతూ ఉంటాం. ఎక్కడో పట్టు తప్పి కింద పడి చచ్చిపోతాం. అప్పుడు ఆ గొంతు, కాదు కాదు, అలా జరగలేదు, మళ్లీ చెప్పనా అంటుంది. మన చావు కథకుడి పొరపాటు అయిపోయింది! కథ చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, ‘ఉండరా, అలా కాదు, ముందు పాము వచ్చింది’ అని వెనక్కి వచ్చే నాయనమ్మలా. జరిగిపోయిన కథకి, ఇప్పుడే జరుగుతున్న ఆటకి మధ్య యూల్ చూసిన అగాధం మీద ఒక్క వాక్యంతో వంతెన వేశారు.

ఆట చివర్లో తెలుస్తుంది, రాకుమారుడు ఇన్ని గంటలూ కథ చెబుతున్నది మనకు కాదని. వింటున్నది ఆటలో అతని పక్కన నిలిచిన రాకుమారి ఫరా. ఇద్దరూ కలిసి చేసిన పోరాటమంతా, కాలం వెనక్కి తిరగడంతో, ఆమె జీవితంలో జరగనే లేదు. ఆమెకి అతను ఎవరో తెలియదు. జరిగినదాన్ని తెలిసినవాళ్లు ఇద్దరే మిగిలారు: అతను, ఆడిన మనం. కథకుడు, శ్రోత, పాఠకుడు అనే మూడు స్థానాల్ని ఇంత శ్రద్ధగా అమర్చిన రచన ఏ మాధ్యమంలో వచ్చినా సాహిత్య విద్యార్థి ఆగి చూడాలి. యూల్ కూడా 2005 నాటి తన పుస్తకంలో మెత్తబడ్డారు. గేమ్‌లో నియమాలు నిజం, లోకం కల్పన, రెండూ కలిసే ఉంటాయని రాశారు.

నియమాల విషయానికి వస్తే, నియమం కూడా మాట్లాడుతుందని తెలుగువాళ్లకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. వైకుంఠపాళి ఆడుతూ పెరిగినవాళ్లం. పరమపద సోపాన పటంలో నిచ్చెనలు పుణ్యాలు, పాములు పాపాలు. అంతవరకు అది బొమ్మలూ పేర్లూ చెబుతాయి. కానీ ఆ పటంలో అసలు మాట పెద్ద పాము ఉన్న చోటులో ఉంది. పరమపదానికి కొద్ది గళ్ల దూరంలో కూర్చుని ఉంటుంది, మింగితే అట్టడుక్కి. ‘ఎంత ఎత్తుకి ఎక్కినా అహంకారం పనికిరాదు’ అని ఎవరూ రాసి పెట్టలేదు. ఎనభయ్యో తొంభయ్యో గడిలో గవ్వలు వేయబోతూ పిల్లలు బిక్కచచ్చినప్పుడు ఆ మాట వాళ్లకి ఒంట్లోకి ఎక్కుతుంది. బ్రిటన్‌కి వెళ్లిన ఈ ఆట పాపపుణ్యాల పేర్లు పోగొట్టుకుని ఉత్త పాములు, నిచ్చెనలు అయింది. అయినా పెద్ద పాము భయం మిగిలింది.

అమెరికన్ పరిశోధకుడు ఇయన్ బోగోస్ట్ 2007లో ఈ సంగతినే సిద్ధాంతం చేశారు. వ్యాసం మాటలతో ఒప్పిస్తుంది, సినిమా దృశ్యాలతో ఒప్పిస్తుంది, గేమ్ తన పనితీరుతో ఒప్పిస్తుంది అన్నారు. ‘పేపర్స్, ప్లీజ్’కి తిరిగొస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ప్రభుత్వం క్రూరమైనదని ఆ గేమ్ ఉపన్యాసం ఇవ్వదు. రోజుకో కొత్త రూలు పెడుతుంది. కాగితాలు పెరుగుతాయి, బల్ల మాత్రం అంతే ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పడి, కావలసిన చీటీ ఎక్కడో అడుగున ఉండిపోతుంది. వారం గడిచేసరికి మనుషుల మొహాలు చూడటం మానేసి తేదీలు చూడటం మొదలుపెడతాం. ‘మంచివాడే, కానీ పరిస్థితులు అతన్ని మార్చాయి’ అని కథలో రాస్తే అవునని తలూపి పేజీ తిప్పుతాం. ఇక్కడ మారింది మనం. అది మనకు తెలిసేది ఆ భార్య కిటికీ ముందు నిలబడ్డప్పుడే.

నియమం ఒక మాట, కథ ఇంకో మాట చెబితే? 2007లోనే వచ్చిన ‘బయోషాక్’ మీద క్లింట్ హాకింగ్ అనే గేమ్ డిజైనర్ లేవనెత్తిన అభ్యంతరం ఇదే. సముద్రం అడుగున, ఎవరి స్వార్థం వాళ్లు చూసుకోవడమే ధర్మం అనే సిద్ధాంతం మీద కట్టిన నగరం. ఆట నియమాలు మనకి స్వార్థమా, దయా అని ఎంచుకునే వీలిస్తాయి: చిన్న పిల్లల్ని కాపాడొచ్చు, లేదా వాళ్ల ప్రాణం తీసి శక్తి ఎక్కువ తెచ్చుకోవచ్చు. కథ మాత్రం ఆ వీలు ఇవ్వదు. రేడియోలో ఒక గొంతు చెప్పిన పనులన్నీ చేసి తీరాలి. ఆటకూ కథకూ పొసగని ఈ స్థితికి హాకింగ్ పెట్టిన పేరు ఇప్పుడు ఆ రంగంలో అందరి నోటా ఉంది. ఆ గేమ్ నడిమధ్యలో ఒక రహస్యం బయటపడుతుంది. రేడియోలోని మనిషి ముఖ్యమైన ఆజ్ఞలకి ‘దయచేసి’ లాంటి ఒక మర్యాద మాట జోడిస్తూ వచ్చాడు. ఆ మాట వింటే కాదనలేకుండా కథానాయకుణ్ని ముందే తయారుచేసి పెట్టారు. అప్పటిదాకా మనం స్వేచ్ఛగా చేశామనుకున్న ఆ పనులు ఆ మాటకి కట్టుబడి చేసినవే. చాలామంది ఇది హాకింగ్‌కి సమాధానం అంటారు. సగమే అని నా ఉద్దేశం. రహస్యం తెలిశాక కూడా ఇంకో గొంతు రేడియోలో వచ్చి ఎటు వెళ్లాలో చెబుతుంది, మనం మళ్లీ వెళ్తాం. తాను అడిగిన ప్రశ్నకి ఆ గేమ్ దగ్గరే జవాబు లేదు. అయినా ప్రశ్న గొప్పది.

కథని చోటులో పరచిపెట్టే పద్ధతి ఇంకోటి ఉంది. అమెరికన్ మీడియా పరిశోధకుడు హెన్రీ జెంకిన్స్ 2004లో గేమ్ తయారుచేసేవాళ్లని కథకులుగా కాక కథల్ని కట్టే వాస్తుశిల్పులుగా చూడమన్నారు. 2013 నాటి ‘గాన్ హోమ్’లో ఖాళీ ఇంట్లో సొరుగులు తీస్తూ, చీటీలు చదువుతూ చెల్లెలికి ఏమైందో పోగు చేసుకోవాలి. అంతే ఆట.

పరిశోధనకి దిగితే వచ్చే పెద్ద చిక్కు వేరు. ఏది మూలపాఠం? ‘పేపర్స్, ప్లీజ్’కి ఇరవై ముగింపులున్నాయి. నేను ఆడినది ఒక పాఠం, మీరు ఆడినది ఇంకోటి. విడుదలయ్యాక కంపెనీలు మార్పులు పంపుతూనే ఉంటాయి, ‘డిస్కో ఎలీసియం’ లాంటివి మొదట వచ్చిన రూపంలో కన్నా తర్వాతి రూపంలోనే ఎక్కువమందికి తెలుసు. ఈ సమస్య తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. వేమన పద్యాలకి ఎన్ని తాళపత్ర ప్రతులుంటే అన్ని పాఠాలు. సి.పి. బ్రౌన్ ప్రతులు పోగుచేయించి, పండితుల్ని కూర్చోబెట్టి, సరిచూసి పెట్టకపోతే మన చేతికి వచ్చేది ఎంత? పాఠభేదాలు పట్టిక వేయడం, ఏ ప్రతి ఆధారంగా మాట్లాడుతున్నామో ముందే చెప్పడం మన పరిష్కర్తలకి అలవాటైన క్రమశిక్షణ. గేముల మీద రాసేవాళ్లకి ఇప్పుడు కావలసింది అదే. పరిస్థితి అంత తీరికగా కూడా లేదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. తాటాకులు మూడు నాలుగు వందల ఏళ్లు నిలిచాయి. ఇవి ముప్ఫై ఏళ్లు నిలవడం లేదు.

మన దేశంలో ఈ రంగానికి దారి వేసినవాళ్లలో కోల్‌కతాకి చెందిన సౌవిక్ ముఖర్జీ ముందు వరసలో ఉంటారు. ఇంగ్లిష్ సాహిత్యం నుంచి వచ్చి, గేముల కథనం మీద 2015లో, గేములూ వలస పాలన మీద 2017లో పుస్తకాలు రాశారు. రెండోదాని అవసరం మనకి సులువుగా అర్థమవుతుంది. సామ్రాజ్యాలు కట్టే గేముల జాతికి ఇంగ్లిష్‌లో నాలుగు క్రియలతో పేరుంది: వెతుకు, విస్తరించు, వాడుకో, నిర్మూలించు. మ్యాపు మొదట నల్లగా ఉంటుంది. మన సైనికుడు అడుగుపెట్టాకే ఆ నేల వెలుగులోకి వస్తుంది. అంటే మనం చూడకముందు అక్కడ ఏమీ లేదు. ఒకప్పుడు అలాంటి మ్యాపులో ‘కనుగొనబడిన’ దేశం పిల్లలు ఆ ఆట ఆడుతున్నప్పుడు ఎవరి కళ్లతో చూస్తున్నారన్నది సాహిత్య ప్రశ్నే. దృష్టికోణం గురించి మనం నవలల్ని అడిగే ప్రశ్నే.

గేమ్ అనగానే మన పత్రికల్లో వ్యసనం గురించే రాస్తారు. తల్లిదండ్రుల టెన్షన్ నిజమైనదే, దాన్ని తీసిపారేయను. కానీ ఎంతసేపు ఆడారన్న ప్రశ్న ఒక్కటే అడిగితే, ఆ సేపట్లో ఏం చదివారన్నది ఎప్పటికీ తెలియదు.

తెలుగు ఎం.ఏ. విద్యార్థి ఎవరైనా ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను ‘వెన్బా’ చూపిస్తాను. టొరంటోలోని విసై గేమ్స్ 2023లో తెచ్చింది, మరుసటి ఏడాది తొలి గేమ్ విభాగంలో బాఫ్టా అవార్డు అందుకుంది. 1988లో కెనడాకి వచ్చిన తమిళ దంపతులు, వాళ్లకి అక్కడ పుట్టి తమిళం నుంచి దూరంగా జరిగిపోయే కొడుకు కవిన్. ఆటంతా కలిపి రెండు గంటలు కూడా పట్టదు, చేయవలసింది వంట. భార్యకి వాళ్ల అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం పాడైపోయింది, కొన్ని వాక్యాలు కనబడవు. మొదటి వంట ఇడ్లీ. రేకులు ఒకదాని మీద ఒకటి ఎలా పేర్చాలో రాసిన చోటు పోయింది. చిల్లులున్న భాగం కింది ఇడ్లీల మీదికి వచ్చేలా తిప్పి పెట్టకపోతే పై రేకు కింది ఇడ్లీల్ని నొక్కేస్తుంది.

ఆ పజిల్ దగ్గర, ఈ గేమ్ ఆడే కెనడా కుర్రాడెవరైనా ఆలోచిస్తాడు, తప్పు చేస్తాడు, మళ్లీ పేరుస్తాడు. నేను ఆలోచించలేదు. తెర మీద రేకు కనబడగానే నా చెయ్యి దాన్ని తిప్పేసింది, చిన్నప్పుడు మా అమ్మ పక్కన నిలబడి తిప్పినట్టు. ఆమె ఎప్పుడూ ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ కుర్రాడికి అది పజిల్, నాకు జ్ఞాపకం. ఒకే పాఠం, ఒకే నియమం, రెండు కథలు. తర్వాత పెద్దవాడైన కవిన్ అదే పుస్తకం ముందేసుకుని తమిళం కూడబలుక్కుంటాడు. అక్కడ నాకూ చెయ్యి ఆగింది. తమిళ లిపి నాకు రాదు. అప్పటిదాకా ఆ వంటింట్లో తల్లి పక్కన నిలబడ్డవాణ్ని, ఆ ఒక్క పేజీతో కొడుకు పక్కకి వచ్చేశాను.